పాత ట్రాక్టర్ కొన్నారా.. గేర్ పడట్లేదా? బండి విప్పించే ముందు ఇవి చూడండి

జవహర్‌నగర్: సెకండ్‌హ్యాండ్‌లో ఓ పాత మస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ కొన్నారనుకుందాం. అమ్మినాయన వాకిట్లో స్టార్ట్ చేసి చూపించినప్పుడు బండి బాగానే ఉంది. తీరా ఇంటికి తెచ్చుకుని, ట్రాలీ తగిలించి గుట్ట ఎక్కిస్తుంటే సెకండ్ గేర్ దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. మెకానిక్‌ను పిలిస్తే ఒకటే మాట.. "గేర్‌బాక్స్ పోయిందన్నా, బండి విప్పాలె".

అక్కడే ఆగండి. ట్రాక్టర్‌కు కారులా వేరే ఛాసిస్ ఉండదు. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక హౌసింగ్.. ఈ మూడే ఒకదానికొకటి బోల్టులతో బిగించి బండికి వెన్నెముకలా ఉంటాయి. అందుకే క్లచ్ ప్లేట్ మార్చాలన్నా బండిని రెండు ముక్కలు చేయాల్సిందే. కూలీ ఖర్చు, రోజుల తరబడి బండి షాపులో ఉండటం, ఈలోగా నాట్ల సీజన్ దాటిపోవడం.. అప్పు చేసి కొన్నవాళ్లకు ఇది మామూలు దెబ్బ కాదు. పైగా విప్పాక తెలిసేదేంటంటే, చాలాసార్లు లోపం గేర్‌బాక్స్‌లో ఉండదు. క్లచ్ పెడల్ సర్దుబాటులోనో, గేర్ రాడ్ కింద ఉండే చిన్న స్ప్రింగ్‌లోనో, ఆయిల్‌లో కలిసిన నీళ్లలోనో ఉంటుంది.

ఇక్కడి బండ్లకు గేర్ ఎందుకు ముఖ్యం?

జవహర్‌నగర్ 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. పేరు మారినా నేల మారలేదు. అవే గుట్టలు, అవే బండరాళ్ల దారులు. దమ్మాయిగూడ, యాప్రాల్, తూంకుంట చుట్టుపక్కల ట్రాక్టర్ అంటే నీళ్ల ట్యాంకర్, ఇసుక, ఇటుక, కూల్చిన గోడల మట్టి. అటు శామీర్‌పేట, కీసర వైపు వెళ్తే అదే ట్రాక్టర్ రోటవేటర్ తగిలించుకుని పొలంలోకి దిగుతుంది.

లెక్క చూడండి. లీటరు నీళ్లు కిలో బరువు. 4,000 లీటర్ల ట్యాంకర్ అంటే నీళ్లే నాలుగు టన్నులు, ట్యాంకర్ ఇనుము బరువు అదనం. లాగే ట్రాక్టర్ బరువేమో రెండు టన్నులలోపే. చాలా ట్రాలీలకు, ట్యాంకర్లకు సొంత బ్రేకులు ఉండవు. దిగుడులో గేర్ ఊడితే ఇంజిన్ పట్టు పోతుంది, వెనక నుంచి నాలుగు టన్నులు తోసుకొస్తాయి. ఆ సమయంలో కంగారుగా ఒక్క బ్రేక్ పెడల్ మాత్రమే తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది. కాబట్టి గేర్ జారుతున్న ట్రాక్టర్‌ను "ఈ ఒక్క ట్రిప్పు కొట్టి చూపిద్దాం" అని రోడ్డెక్కించొద్దు. రోడ్డు మీద ఎప్పుడైనా సరే రెండు బ్రేక్ పెడళ్లను కలిపే గొళ్లెం వేసే ఉండాలి.

పానా ముట్టకుండానే చేసే పరీక్షలు

మొదట ఇంజిన్ ఆపేసి గేర్లు ఒక్కొక్కటి వేసి చూడండి. పళ్లు ఎదురెదురుగా ఆగితే గేర్ పడకపోవచ్చు, బండిని కాస్త ముందుకు తోసి మళ్లీ వేయండి. ఇంజిన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ మెత్తగా పడుతున్నాయి, స్టార్ట్ చేస్తే మాత్రం గర్రుమంటున్నాయి.. అంటే అనుమానం గేర్‌బాక్స్ మీద కాదు, క్లచ్ మీద పెట్టుకోండి.

దాన్ని ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. ఇంజిన్ తిప్పుడు ఇంకా గేర్‌బాక్స్ లోపలికి వెళ్తూనే ఉంది. ఆ స్థితిలో రోజూ బలవంతంగా గేర్లు వేస్తే మాత్రం బాగున్న పళ్లు కూడా అరిగిపోతాయి. అంటే క్లచ్ జబ్బును వదిలేస్తే అదే గేర్‌బాక్స్ జబ్బు అవుతుంది.

క్లచ్ సరిగా వదలకపోతే ముందు చూడాల్సింది పెడల్ ఖాళీ. పెడల్‌ను చేత్తో నొక్కితే గట్టిగా తగిలే ముందు కొంత దూరం ఊరికే కదలాలి. చాలా ట్రాక్టర్లకు ఇది సుమారు ముప్పావు అంగుళం నుంచి అంగుళం. కచ్చితమైన కొలత మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ వదలదు. అసలు లేకపోతే క్లచ్ పట్టదు, స్లిప్ అవుతుంది, రిలీజ్ బేరింగ్ కూడా తొందరగా పోతుంది. రాడ్ మీద నట్టు తిప్పి సరిచేసే పని ఇది. అరగంట చాలు. బండి విప్పక్కర్లేదు.

ఇక శబ్దం. న్యూట్రల్‌లో పెట్టి చెవి పెట్టండి. క్లచ్ తొక్కితే శబ్దం వస్తోంది, వదిలితే పోతోంది అంటే రిలీజ్ బేరింగ్. అదే వదిలినప్పుడు ఊళ పెడుతూ, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ వైపు బేరింగ్. న్యూట్రల్‌లో అంతా నిశ్శబ్దం, బండి కదిలితేనే మోత అంటే వెనక క్రౌన్-పినియన్ వైపు చూడాలి. చక్రం తిరిగే కొద్దీ ఒకే లయలో టక్, టక్ మంటే ఎక్కడో ఒక పన్ను విరిగినట్టే. ఆ బండిని ఇంక నడపొద్దు. విరిగిన ముక్క రెండు గేర్ల మధ్య పడితే హౌసింగే పగలొచ్చు.

ఏళ్ల తరబడి చెట్టు కింద నిలబెట్టిన బండా?

పాత ట్రాక్టర్లలో తరచూ ఎదురయ్యే సమస్య ఇది. రెండు మూడు వానాకాలాలు కదలకుండా ఉంటే క్లచ్ ప్లేట్ తుప్పు పట్టి ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. పెడల్ తొక్కినా ఇంజిన్, గేర్‌బాక్స్ విడిపోవు. గేర్ అసలే పడదు. కొన్నాయన గేర్‌బాక్స్ జామ్ అయిందని భయపడిపోతాడు.

ముందు ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి ఆపేయండి. క్లచ్ పెడల్ పూర్తిగా కిందికి నొక్కి, ఓ కర్రముక్క అడ్డంపెట్టి రాత్రంతా అలాగే వదిలేయండి. చాలా ప్లేట్లు దీంతోనే ఊడొస్తాయి. రాకపోతే విశాలమైన ఖాళీ నేలలో, ముందర మనిషి గానీ గోడ గానీ లేకుండా చూసుకుని, ఇంజిన్ ఆపి ఉండగానే ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే బండి కుదుపుతో కదులుతుంది. అప్పుడు బ్రేక్ తొక్కితే ప్లేట్ విడిపోయే అవకాశం ఉంది. కానీ ఈ పని తెలిసిన డ్రైవర్‌తోనే చేయించండి. ఎందుకంటే గేర్‌లో ఉన్న ట్రాక్టర్ స్టార్ట్ అయితే ఉన్నచోటు నుంచి దూకుతుంది.

కొన్ని మోడళ్లలో న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ అందుకునేలా సేఫ్టీ స్విచ్ ఉంటుంది. అలాంటి బండికి పై చిట్కా పని చేయదు. ఆ స్విచ్ ఉండాల్సిన బండి గేర్‌లోనూ స్టార్ట్ అవుతోందంటే, ఎవరో దాన్ని తీసేసి వైరు డైరెక్ట్ చేశారని అర్థం. కింద నిలబడి స్టార్ట్ చేసే అలవాటున్న మనుషులను ట్రాక్టర్లు తొక్కేసేది ఇలాంటప్పుడే. స్విచ్ చిన్న సామాను. ముందు దాన్ని పెట్టించండి.

హౌసింగ్ కింద కారే చుక్క ఏం చెబుతుంది?

క్లచ్ హౌసింగ్ అడుగున చాలా బండ్లకు ఒక చిన్న రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. లోపల ఎక్కడైనా సీల్ కారితే ఆయిల్ క్లచ్ ప్లేట్ మీద నిలవకుండా బయటికి పోవడానికే ఆ ఏర్పాటు. పిన్ను కదిలించి వేలితో చుక్క పట్టుకోండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజిన్ వెనక సీల్. చిక్కగా, గంధకం లాంటి వాసన వస్తే గేర్‌బాక్స్ ముందు సీల్. బురద గట్టిపడి రంధ్రం మూసుకుపోయి ఉంటే ఆయిల్ లోపలే పేరుకుని ప్లేట్‌ను తడిపేస్తుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. అలా తడిసిన ప్లేట్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేస్తే కొన్నాళ్లకు మొదటికే వస్తుంది.

ఆయిల్ చూడకుండా ఏదీ తేల్చొద్దు

గేర్ ఆయిల్‌లో బండి చరిత్ర ఉంటుంది. రాత్రంతా కదలకుండా ఉంచిన బండికి పొద్దున్నే అడుగు ప్లగ్‌ను కొద్దిగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి, ముందు అవే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు పూర్తిగా కలిసిపోయినట్టు.

నీళ్లు ఎలా వచ్చాయి? గేర్ రాడ్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉంటుంది. వానకు తడిసిన బండిలోకి నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. కేజ్ వీల్స్ వేసి కరిగట్టు దున్నిన బండైతే యాక్సిల్ సీళ్ల నుంచీ రావచ్చు. మొత్తం గేర్‌బాక్స్ పోయిందనుకునే లోపాలకు ఒక్కోసారి మూలం ఆ చిన్న రబ్బరు ముక్కే.

పాత మస్సీ లాంటి మోడళ్లలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ మూడింటికీ ఒకే ఆయిల్. అందుకే ఆ బండికి గేర్ మొరాయించడంతో పాటు వెనక లిఫ్ట్ కూడా సరిగా లేవకపోతే రెండు వేర్వేరు రోగాలు అనుకోవద్దు. ఆయిల్ తక్కువ కావడమో, చెడిపోవడమో రెండింటికీ కారణం కావచ్చు. ఫోర్డ్ 3600 లాంటి వాటిలో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, వెనక హౌసింగ్ ఆయిల్ వేరు. ఒకచోట మట్టం తగ్గుతూ మరోచోట పెరుగుతుంటే మధ్యలో సీల్ పోయిందని లెక్క.

పాత ఆయిల్‌ను ఒక పళ్లెంలోకి తీసి అయస్కాంతం తిప్పండి. బూడిద రంగు పేస్టు లాంటిది అంటుకుంటే భయం లేదు, అది ఏళ్ల అరుగుదల. రేకుల్లాంటి పెచ్చులు, పన్ను ముక్కలు, బేరింగ్ గోళీల ముక్కలు వస్తే ఇంక చర్చ అనవసరం, విప్పాల్సిందే. ఒక్కోసారి ఆయిల్‌లో రంపపు పొట్టు కూడా కనిపిస్తుంది! అరిగిన గేర్ల మోత వినపడకుండా అమ్మేవాళ్లు చేసే పాతకాలపు మోసం అది. గ్రీజు కలిపి చిక్కగా చేసేవాళ్లూ ఉన్నారు. బేరానికి ముందే ప్లగ్ వదులు చేసి చూపించమనడానికి మొహమాటపడొద్దు.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు కంపెనీ చెప్పిన రకమే పోయాలి. "ఏదైనా 90 నంబరే కదా" అనుకుంటే తప్పు. జీఎల్-5 రకంలోని కొన్ని రసాయనాలు పాత గేర్‌బాక్సుల్లోని కంచు బుష్‌లను తినేస్తాయి. వాటికి జీఎల్-4 నప్పుతుంది. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న బండికైతే పూర్తిగా వేరే రకం. నీళ్లు కలిసిన బాక్స్‌కు ఒక్కసారి మార్చితే సరిపోదు. తక్కువ ధర ఆయిల్ పోసి, లోడు లేకుండా కాసేపు నడిపి, వేడిగా ఉండగానే తీసేసి, ఆ తర్వాత అసలు ఆయిల్ పోయాలి. పనిలో పనిగా హైడ్రాలిక్ ఫిల్టర్ కడగాలి. హౌసింగ్ పైన ఉండే బ్రీథర్‌ను కూడా చూడండి. అది మూసుకుపోతే లోపల గాలి ఒత్తిడి పెరిగి కొత్త సీళ్ల నుంచి కూడా ఆయిల్ తన్నుకొస్తుంది.

గేర్ ఊడుతోందా? పై మూత తీస్తే చాలు.. ఒక్కోసారి

మొదట చెప్పుకున్న బండి దగ్గరికి వద్దాం. లోడు పడగానే గేర్ ఊడుతోంది. గేర్‌ను ఉన్నచోట పట్టి ఉంచేది ఒక చిన్న ఉక్కు గోళీ, దాని వెనక స్ప్రింగ్. స్ప్రింగ్ విరిగినా, మెత్తబడినా పట్టు పోతుంది. చాలా మోడళ్లలో గేర్ రాడ్ ఉన్న పై మూత తీస్తే ఇవి చేతికందుతాయి. బండిని ముక్కలు చేయక్కర్లేదు. మూత తెరిచినప్పుడే షిఫ్టర్ ఫోర్కులు వంగాయా, అరిగాయా, వాటి బోల్టులు వదులయ్యాయా చూసేయొచ్చు. గోళీ, స్ప్రింగ్, ఫోర్కు మార్చినా ఊడుతోందంటే గేర్ పళ్లు ఏటవాలుగా అరగడమో, షాఫ్ట్ బేరింగ్ ఊగడమో అయ్యుండాలి. అది లోపలి పని.

రెండు గేర్లు ఒకేసారి పడటం కూడా ఈ మూత కిందే పుడుతుంది. గేర్ రాడ్ కొన అరిగి ఒక రైలు నుంచి జారి పక్కదాన్ని పట్టుకుంటుంది. క్లచ్ వదలగానే ఇంజిన్ గుక్కపెట్టి ఆగిపోతుంది, బండి ముందుకు పోదు, వెనక్కి రాదు. మూత తీసి స్క్రూడ్రైవర్‌తో రైళ్లను న్యూట్రల్‌కు నెడితే బండి కదులుతుంది. అయితే అరిగిన రాడ్ కొనను బాగు చేయించకపోతే రేపు మళ్లీ నడిరోడ్డు మీదే ఇరుక్కుంటుంది.

ఇంకో తమాషా. ఫస్ట్ గేర్ పడింది, ఇంజిన్ నడుస్తోంది, బండి మాత్రం కదలదు. హై-లో లివర్ మధ్యలో ఉందేమో చూశారా? పాత మస్సీ 1035లో మూడు గేర్లు, ఒక రివర్స్. హై-లో కలిపితేనే ఆరు, రెండు అవుతాయి. ఆ చిన్న లివర్ న్యూట్రల్‌లో ఉంటే ఏ గేర్ వేసినా చక్రానికి కబురు అందదు. కొత్తగా కొన్నవాళ్లు దీనికే మెకానిక్‌ను పిలిచి నవ్వులపాలైన సందర్భాలు బోలెడు. ఆ బండి గేర్లు పాతకాలపు స్లైడింగ్ మెష్ రకం అని కూడా గుర్తుంచుకోండి. కదులుతుండగా కారులా గేర్ మార్చే ఏర్పాటు వాటిలో లేదు. ఆగి మార్చాలి. కారు అలవాటుతో గర్రుమనిపిస్తే అది డ్రైవర్ తప్పు, బండిది కాదు.

లివర్ సరిగానే ఉండి కూడా కదలకపోతే డిఫరెన్షియల్ లాక్ తొక్కి చూడండి. లాక్‌తో కదిలి, వదిలితే ఆగిపోతే ఒకవైపు యాక్సిల్ షాఫ్ట్ విరిగినట్టు. గేర్‌బాక్స్‌కు ఆ రోగంతో సంబంధమే లేదు. ఆ ఒక్క పక్క విప్పితే సరిపోతుంది.

విప్పక తప్పదంటే..

అన్నీ చూశాక కూడా లోపలే లోపమని తేలితే, అప్పుడు పిసినారితనం పనికిరాదు. క్లచ్ కోసం విప్పితే ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఇంజిన్ వెనక సీల్, గేర్‌బాక్స్ ముందు సీల్.. అన్నీ ఒకేసారి చూసి మార్చేయండి. సీల్ ధర కంటే దాని కోసం మళ్లీ విప్పే కూలీ ఎన్నో రెట్లు ఎక్కువ. మీది సింగిల్ క్లచ్చా, డ్యూయల్ క్లచ్చా ముందే తెలుసుకోండి. డ్యూయల్ అయితే పెడల్ సగం తొక్కితే చక్రాలు, పూర్తిగా తొక్కితే పీటీవో ఆగుతాయి. రెండింటి సామాన్లు వేరు, ధరలూ వేరు.

గేర్ మార్చాల్సి వస్తే దానితో కలిసి తిరిగే జత గేర్‌ను కూడా మార్చాలి. అరిగిన పాత పన్నుతో కొత్త పన్ను కలిస్తే కొత్తది కూడా పాడవుతుంది. విరిగిన పన్నును వెల్డింగ్‌తో పోయించి లేత్ మీద చెక్కించడం మన దగ్గర ఉన్న అలవాటే. కానీ గేర్ పన్ను పైపొరను ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది. ట్యాంకర్ లాగే బండికి అది అసలు పనికిరాదు.

విప్పే చోట ప్రాణభయం ఉంది. ట్రాక్టర్ ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంటుంది. బండి రెండు ముక్కలు కాగానే ఇంజిన్ భాగం పక్కకు ఒరిగిపోతుంది. యాక్సిల్‌కు, బాడీకి మధ్య రెండు వైపులా చెక్క దిమ్మెలు బిగించాకే బోల్టులు తీయాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ కిందికి దూరొద్దు. గట్టి కాంక్రీటు నేల, దిమ్మెలు, చైన్ బ్లాక్ ఉన్న షాపులోనే ఈ పని చేయించండి. చెట్టు కింద మట్టి నేలలో వద్దు.

సామాను దొరుకుతుందా లేదా.. కొనేటప్పుడే చూడండి

మస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలో తయారు చేసే టాఫే 1960లో మద్రాసులో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. సామాను కష్టం కాదు. స్వరాజ్‌ను తెచ్చిన పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లింది. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫేకు వెళ్లాయి. యజమానులు మారినా ఆ బండ్లకు దిక్కు ఉంది.

హెచ్‌ఎంటీ కథ వేరు. 1971లో చెకోస్లోవేకియా జెటార్ సాయంతో పింజోర్‌లో మొదలైన హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయడానికి 2016 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. బండి మొండిది, ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ట్రాక్టర్ల తయారీ లేదు. గేర్ పోతే వేరే కంపెనీలు చేసిన సామాను కోసమో, స్క్రాప్‌లో పడున్న మరో హెచ్‌ఎంటీ కోసమో వెతకాలి. ధర చవగ్గా ఉందని కొనేముందు ఆ మోడల్‌కు గేర్ సెట్ ఎవరి దగ్గర ఉందో ఒకటి రెండు షాపుల్లో అడిగి చూసుకోండి. బేరింగులు, సీళ్లకు అంత ఇబ్బంది ఉండదు. వాటి మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు చెబితే సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో అడగొచ్చు. షాఫ్ట్ బుష్, ఫోర్కు లాంటి లేత్ పనులకు కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామికవాడలు జవహర్‌నగర్‌కు పక్కనే.

రిపేరుకు డబ్బు పెట్టేముందు ఆర్‌సీ ఒకసారి తీసి చూడండి. ఫారం 29, 30లతో బండి మీ పేరు మీదికి మారాలి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో అది తీయించాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూడాలి. వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాక్టర్‌తో కిరాయికి ట్యాంకర్ కొడితే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగే ప్రశ్న అదే.

బాగయ్యాక మొదటి 50 గంటలు

కొత్త ప్లేట్, కొత్త గేర్లు వేసిన బండిని ఆ సాయంత్రమే లోడుకు పంపొద్దు. మొదట ఖాళీగా, తర్వాత తేలిక ట్రాలీతో నడపండి. అన్ని గేర్లలో ఎక్కుడు, దిగుడు రెండూ చూడండి. దిగుడులో ఊడని గేర్ ఎక్కుడులో ఊడొచ్చు, ఎక్కుడులో నిలిచింది దిగుడులో జారొచ్చు. కొత్త ప్లేట్ సర్దుకునే కొద్దీ పెడల్ ఖాళీ తగ్గుతుంది, వారం తర్వాత మళ్లీ కొలవాలి. హౌసింగ్ బోల్టులు ఒకసారి బిగించాలి. సుమారు 50 గంటలు నడిచాక అడుగు ప్లగ్ తీసి, కొద్దిగా ఆయిల్ పళ్లెంలోకి పట్టి, మళ్లీ అయస్కాంతం తిప్పి చూడండి. పెచ్చులు కనిపిస్తే బండిని ఆ రోజే షాపుకు తీసుకెళ్లండి.